మన అటకలు: గూన పెంకుటింటి నుండి నాగావ్ మాళా దాక

కోటలకును కోవెలలకును చరిత్రకారులు కలరు. రాజులు త్రవ్వించిన చెరువులకు శాసనములు కలవు. సామాన్య గృహస్థుని తలమీద నాలుగు కర్రలపై నిలిచి మూడు తరముల సామానును మోయు అటకకు మాత్రము చరిత్ర వ్రాసినవారు అరుదు. పైగా మన భాషయే దానిని కొంత చిన్నచూపు చూచినది. ఏ పనియైనను మూలబడి మరుగున పడినచో అది అటకెక్కినదందుము. అటకెక్కినది మరువబడునని మన నమ్మకము. కాని ఇంటిలోని వారు మరచిన బరువును కర్ర మరువదు. ఈ వ్యాసమునకు మూలము ఆ మాటయే.

భివండీ మరమగ్గాల పేటలలో ఒకటి నాగావ్. అలీబాగు చెంత సముద్రపుటొడ్డున అదే పేరు గల గ్రామము మరియొకటి కలదు. మేము చెప్పబోవునది దానిని గూర్చి కాదు. భివండీ పేటలలో కాపురముండు తెలుగు నేతకుటుంబములకు అటక చరిత్రయనగా ఒక విధముగా తమ వలస చరిత్రయే. స్వగ్రామమున తేలిక వస్తువులు దాచుకొనుటకు పుట్టిన అటక, ఇరుకు పట్టణమున బరువు మోయు అంతస్తుగా మారినది. పేరు మారలేదు, పలుచోట్ల కర్రలును మారలేదు, బరువు మాత్రము మారినది. ఆ మార్పు ఎట్లు జరిగినదో, దానికి తగినట్లు కర్రను బలపరచి పలక పరచు విద్య యెట్టిదో పాఠకుల ముందుంచుటకు యత్నింతుము.

ముందుగా పేరును గూర్చి రెండు మాటలు. అటక, అటుక యని మనకు రెండు రూపములు కలవు. కన్నడిగులును తుళువారును దీనిని అట్ట యందురు. సంస్కృతమున అట్టాలకమను మాట కలదు. కౌటిల్యుని అర్థశాస్త్రము దుర్గనిర్మాణమును వివరించుచు ప్రాకారముపై అట్టాలకములను కట్టవలెనని విధించినది. కోట బురుజునకును వంటింటి పైతట్టునకును పేరులలో ఇంతటి పోలిక యుండుట ముచ్చటగా నున్నది. మహారాష్ట్రులు అంతస్తును మాళా యందురు. గది ఎత్తులో సగమున, కడుపులో ఇమిడినట్లుండు పైతట్టు వారికి పోటమాళా. పోట్ అనగా వారి భాషలో కడుపు. తెలుగువాడు భివండీకి వచ్చినపుడు అటకను వెంటబెట్టుకొని వచ్చెను; ఇక్కడ మాళాను నేర్చుకొనెను.

ఆ వెంట వచ్చిన అటక యెట్టిది? కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలి యిల్లు సాధారణముగా గూన పెంకుల యిల్లు. మట్టి గోడలు, గోడపై దూలములు, దూలములపై అడ్డముగా దంతెలు, వానిపై వెదురు తడక, ఆ తడకపై మట్టియు పేడయు కలిపి మెత్తిన పూత: ఇదియే అటక నేల. క్రింద గుంట మగ్గము. నేతగాడు గుంటలో కాళ్లుంచి నేలమట్టమున కూర్చుండి నేయును గనుక మగ్గమునకు ఎత్తు అంతగా అక్కరలేదు. పై భాగము అటకకు మిగులును. అక్కడ వాడుకలో లేని అచ్చులు, విరిగిన నాడెలు, కండెల బుట్టలు, ఆసు చట్రము, విత్తనములు నింపిన సొరబుర్రలు, ఎండు విస్తరాకుల కట్టలు, పెండ్లిండ్లకు మాత్రమే దించు ఇత్తడి గంగాళములు ఉండెడివి. వంటింటి పొగ చూరులగుండా పోవుచు తడకను నల్లబరచి, పురుగును చెదలును కొంత దూరముంచెడిది. ధాన్యపు బరువునకు గాదెలును గుమ్ములును నేలమీదనే యుండెడివి. పాలకును పెరుగునకును ఉట్టి వేరుగా ఉండెడిది. అనగా మన పెద్దలు ఒక్కొక్క బరువునకు ఒక్కొక్క చోటు నిర్ణయించిరి. అటకకు వచ్చినవి తేలికైనవి, అరుదుగా దించునవి. అందువలననే వెదురు తడక నేల తరములకు తరములు చాలినది.

ఈ యేర్పాటును చెదరగొట్టినది వలస. సీమ మిల్లుల నూలును గుడ్డయు వచ్చిన పిమ్మట పందొమ్మిదవ శతాబ్దిలో చేనేతకు గిరాకి తగ్గెను. 1876-78 నాటి మహాక్షామము దక్కనును పీల్చి పిప్పి చేసినది. మరియొక వైపున బొంబాయిలో 1850ల నుండి నూలు మిల్లులు లేచినవి. 1853 ఏప్రిల్ 16వ తేదీన బొంబాయి నుండి ఠాణేకు మొదటి రైలు నడిచినది. 1874 నాటికి వాడి నుండి సికిందరాబాదునకు నిజాం రాజ్యపు రైలుమార్గము తెరువబడినది. త్రోవ ఏర్పడినంతనే జనము కదలిరి. అంతకు ముందే, పద్దెనిమిదవ శతాబ్ది చివరి నుండియు, నిజాం రాజ్యపు తెలుగు కూలీలు బొంబాయిలో మేడలను రోడ్లను కట్టుచుండిరి. వారిని కామాఠీలనిరి, వారు నివసించిన పేట కామాఠీపురమయ్యెను. పెరవారి మాళాలకు కర్రలెత్తి సున్నము మోసిన చేతులు మన చేతులే యని దీనివలన తెలియును.

భివండీ కథ కొంత వేరు. 1857 విప్లవానంతరము ఉత్తరదేశపు మోమిన్ నేతగాండ్రు పెక్కుమంది ఇటు వచ్చి మగ్గములు నాటిరి. 1930ల దశకమున ఇక్కడ విద్యుత్తుతో మరమగ్గములు ఆడజొచ్చినవి. చేనేత చితికిన తెలుగు పల్లెల నుండి పద్మశాలీలు షోలాపురమునకును బొంబాయికిని పోయినట్లే భివండీకిని వచ్చిరి. పద్మనగర మను పేట పేరే వారి యునికిని చాటుచున్నది. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున బొంబాయి మిల్లు కార్మికుల మహాసమ్మె మొదలైన తరువాత మిల్లులు మూలబడగా, నేతపని మరింతగా భివండీ వైపు మరలినది. మగ్గములు పెరిగినవి, మనుష్యులు పెరిగిరి, గదులు మాత్రము ఆ వేగమున పెరుగలేదు.

ఇచట వాతావరణమును గూర్చి చెప్పవలసి యున్నది. కొంకణమున ఏటా 2000 మిల్లీమీటర్లకు మించి వాన కురియును. కరీంనగరపు వాన అందులో సగమైనను కాదు. ఇంతటి వానకు వాలు కప్పు తప్పనిసరి. 1865లో మంగుళూరున బాసెల్ మిషనువారు పెంకుల కార్మాగారము పెట్టిన పిదప పడమటి తీరమంతట ఆ ఎర్రని పెంకులు వ్యాపించినవి. వాలు కప్పు క్రింద, కైంచీ కర్రల నడుమ, ముక్కోణపు చోటు సహజముగా మిగులును. కొంకణస్థులు వానకాలపు వంటచెరకును ధాన్యమును అందుంచుకొనిరి. మన నేతగాండ్ర యటక దూలముపై పుట్టినది. ఇక్కడి మాళా కప్పు వాలు క్రింద పుట్టినది. నాగావ్ వంటి పేటలలో ఈ రెండును ఒకటైనవి.

అట్లొకటైన అటకపై బరువు యెట్లు పెరిగినదో చూడుడు. 1947 నాటి బొంబాయి అద్దెల నియంత్రణ చట్టము అద్దెలను నిలుపుదల చేసినది. అది కూలివానికి నీడ నిచ్చినది. అదే సమయమున యజమానికి మరమ్మతులయందు ఆసక్తిని తగ్గించినది. రాష్ట్రమందలి పాత పట్టణములలో పాత కర్రలే మిగిలినవి. మరమగ్గముపై పండ్రెండు గంటల వంతులు. ఒక వంతువారు పనికి పోగా మరియొక వంతువారు అదే గదిలో నిద్రింతురు. ఒంటరిగా వచ్చినవారు బిస్సీ యను భోజనశాలలో తిని, గదిలో పెట్టె మాత్రముంచుకొందురు. ఆ పెట్టెలకు చోటు అటకయే. కుటుంబముతో నున్నవారికి ఊరి నుండి తెచ్చుకొన్న బియ్యపు బస్తా, నీరు రాని దినములకై నింపిన డ్రమ్ము, ఇనుప ట్రంకు పెట్టెలు, బతుకమ్మకు దించు ఇత్తడి తాంబాళము, మార్కండేయ జయంతికి అలంకరించు పటము, పిల్లల పాత పుస్తకములు అన్నియు పైకే ఎక్కును. చోటు చాలనపుడు మనుష్యుడును నిచ్చెనపై ఎక్కి అక్కడనే పడుకొనును. ఊరిలో గాదె, గుమ్మి, ఉట్టి, అటక యని నాలుగుగా నున్న బరువు ఇక్కడ ఒక్క అటకపై పడినది.

అటక నేలకు వాడిన వస్తువులును కాలక్రమమున మారినవి. వెదురు తడక పోయి, కూల్చిన పాత భవనముల టేకు పలకలు వచ్చినవి. పిదప ఇనుప గర్డర్లు, సిమెంటు పలకలు, ప్లైవుడ్ వచ్చినవి. వీని నడుమ మనకు గర్వకారణమైన వస్తువు ఒకటి కలదు. బొంబాయి, ఠాణే ప్రాంతములలో వంటింటి గట్టునకును అరలకును వాడు నల్లని రాతి పలకను అందరును కడప్పా యందురు. అది మన కడప జిల్లా సున్నపురాయి. తెలుగువాడు గది వెదకుకొనుచు వచ్చునప్పటికే తెలుగు రాయి ఆ గదిలో అరయై యుండెను. కాని అభిమానము వేరు, బలము వేరు. అంగుళము మందముగల ఈ రాతి పలక చదరపు మీటరుకు 65 కిలోలకు పైగా తూగును. టేకు పలకకు గల వంగు గుణము దీనికి లేదు. భారము మించినచో ముందు చెప్పక పగులును. చిన్న అరకు తగినదే, పెద్ద అటక నేలకు తగినది కాదు.

ఇక కర్రబలమును గూర్చి. 1638లో గెలీలియో తన కడపటి గ్రంథమున దూలముల బలమును విచారించి, అదే కర్రను పడుకోబెట్టినప్పటికంటె నిలువుగా నిలిపినపుడు ఎక్కువ మోయునని హేతువుతో చూపెను. మన వడ్రంగి ఆ గ్రంథమును చదువలేదు. అయినను దంతెను ఎన్నడును పడుకోబెట్టలేదు. లెక్క సులభము. రెండంగుళములు, నాలుగంగుళములు గల కర్రను నిలువుగా పెట్టినచో, పడుకోబెట్టినదానికంటె రెండు రెట్లు బలముగను, వంగకుండుటలో నాలుగు రెట్లు గట్టిగను ఉండును. అట్లే దూలము పొడవు రెట్టింపైనచో, అడుగడుగునకు అంతే బరువుంచినను, వంగు పదునారు రెట్లగును. ఎనిమిదడుగుల గదిలో చక్కగా నిలిచిన కర్ర పదునారడుగుల గదిలో ఏల కుంగునో దీనివలన తెలిసికొనవచ్చును.

బరువు లెక్కయు అంతే ముఖ్యము. భారతీయ ప్రమాణములలో 875వ సంఖ్య గల నియమావళి రెండవ భాగము (1987) నివాసగృహపు గది నేలకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారమును, సామాను గదికి సుమారు 300 కిలోల భారమును లెక్కింపవలెనని చెప్పినది. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు గల అటక సుమారు నాలుగున్నర చదరపు మీటర్లు. సామాను గది లెక్కన అది 1350 కిలోలు మోయవలెను. వెదురు తడక కొరకు వేసిన సన్నని దంతెలు ఈ భారమునకు పుట్టినవి కావు. ఇక 200 లీటర్ల నీటి డ్రమ్మును చూడుడు: నీరే 200 కిలోలు. అది నిలుచు చోటు మిక్కిలి చిన్నది గనుక, ఆ చోట భారము చదరపు మీటరుకు 700 కిలోలు దాటును. కావున నీటి డ్రమ్మునకు చోటు నేలయే గాని అటక కాదు.

తిన్న యింటి వాసములు లెక్కబెట్టుట తగదని మన సామెత. కాని యున్న యింటి దంతెలు లెక్కబెట్టుట గృహస్థ ధర్మము. మంచి వడ్రంగి పలకను ముట్టకముందు కర్రను పరీక్షించును. దూలము గోడలో దిగు కొనలయందు వానచెమ్మ చేరి ముందుగా కుళ్లును. ఉలి కొనతో పొడిచినచో మెత్తదనము తెలియును. సుత్తితో కొట్టగా డొల్ల చప్పుడైనచో చెదలు లోపల నున్నవని గుర్తు. కుళ్లిన కర్రకు రంగు వేయుట, పైన కొత్త పలక పరచుట, ఇవి పుండుపై పట్టుగుడ్డ కప్పుటయే.

కర్ర మంచిదైయుండి బలము చాలనిదైనచో దాని ప్రక్కనే జోడు కర్రను నిలువుగా చేర్చుదురు. ముందుగా క్రింది నుండి ఊతకర్ర పెట్టి, కుంగిన దంతెను తొందరపడక మెల్లమెల్లగా పైకెత్తి, పిమ్మట రెండింటిని బోల్టులతో బిగింతురు. జోడు కర్ర రెండు కొనలును గోడపై ఆనవలెను. నడుమ మాత్రము అతికిన ముక్క బరువును గోడకు చేర్చజాలదు. మట్టి గోడయైనను పాత ఇటుక గోడయైనను కొన క్రింద రాతి దిమ్మ యుంచినచో బరువు ఒకే చోట గుచ్చుకొనక పరచుకొనును. దంతెలు ప్రక్కకు తిరుగకుండ నడుమ అడ్డుముక్కలు బిగింతురు. కైంచీ అడుగు కర్రను మాత్రము ఎవరును కోయరాదు. తలకు తగులుచున్నదని దానిని తొలగించినచో, వాలు కప్పు రెండు గోడలను బయటికి నెట్టును.

నేల పరచుట ఆ తరువాతి పని. పలకలు దంతెలకు అడ్డముగా నడువవలెను. అతుకులన్నియు ఒకే దంతెపై పడరాదు. దంతెల నడుమ ఎడము 16 అంగుళములు మించనిచో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలును. ఇక్కడ మగ్గాల పేటకు ప్రత్యేకమైన సంగతి యొకటి కలదు. మరమగ్గపు నాడె నిమిషమునకు నూరుసార్లకు పైగా కొట్టును. ఆ అదురు ఉమ్మడి గోడలగుండా ఇండ్లలోనికి ప్రాకును. వట్టి మేకులు ఏండ్ల తరబడి ఆ యదురునకు వదులగును. కావున ఇక్కడ మరమేకులును బోల్టులును మేలు. ఏటేట వానకాలమునకు ముందు వానిని మరల బిగించుట ఇంకను మేలు. చూరుల వద్ద గాలికి సందు విడువవలెను. విద్యుత్తు తీగెలపై నూలు మూటలను పేర్చరాదు. బరువు వస్తువులను గోడల చెంతను, తేలికవానిని నడుమను ఉంచవలెను. ఈ నియమములలో ఖర్చుతో కూడినవి కొన్నియే. తక్కినవి శ్రద్ధతో కూడినవి.

చట్టము సైతము అటకను గుర్తించినది. జాతీయ భవన నిర్మాణ నియమావళి దానిని సామాను దాచుటకై రెండంతస్తుల నడుమ ఏర్పరచినదిగా, ఎత్తు ఒకటిన్నర మీటరు మించనిదిగా, శాశ్వతమైన మెట్లు లేనిదిగా నిర్వచించినది. అనగా అది వస్తువులకు గాని మనుష్యులకు కాదని భావము. ఈ భావము పొరపాటు కాదు. కాని గది దొరకనివానికి నిర్వచనము నిద్ర నియ్యదు. 2020 సెప్టెంబరు 21వ తేదీ వేకువజామున భివండీలో జీలానీ భవనము కూలి పెక్కుమంది ప్రాణములు కోల్పోయిరి. దానికి అటకలు కారణమని మేము చెప్పబోము. కాని పాత కట్టడములలో, నిదురించువేళ, కూలివాని కుటుంబమునకు ఏమి జరుగగలదో ఆ వేకువ మనకు చూపినది. అట్టి గోడలపై మనము చేర్చు ప్రతి బస్తాయు లెక్కకు రావలెను.

అట్లని అటకను నిందించుట న్యాయము కాదు. 2005 జులై 26వ తేదీన శాంతాక్రూజులో ఒక్క దినమున 944 మిల్లీమీటర్ల వాన కురిసినపుడు ఠాణే జిల్లాలోని కల్యాణ్, భివండీ ప్రాంతములును నీట మునిగినవి. అట్టి వేళ నేలమీది పెట్టె నీటిపాలగును. అటకపై పెట్టె పొడిగా నిలుచును. రేషను కార్డు, పిల్లల చదువు పత్రములు, ఊరిలోని యింటి కాగితములు, పరదేశమున మనవాడు ఫలానా యని చెప్పుకొనుటకు గల ఆధారము లన్నియు ఆ నాలుగు పలకల రక్షణలో నుండును. గట్టి అటక క్రిందివారి తలను కాపాడును. పైనున్న చరిత్రను కాపాడును.

నేడు భివండీ మరల మారుచున్నది. పెక్కు పాత మరమగ్గములు ఆగినవి. రహదారుల వెంట కనుచూపు మేర గోదాములు లేచినవి. దేశపు అంగళ్ల సరకు అక్కడ దిగి, అక్కడనుండి కదలుచున్నది. ఒకనాడు దేశమునకు గుడ్డ నేసిన ఊరు నేడు దేశమునకు అటక యైనదన్నను తప్పులేదు. గోదామునకు ఇనుప స్తంభములును, లెక్క వ్రాయు గుమాస్తాలును కలరు. ఆ సరకును మోయు కూలివాని యింటి యటకకు మాత్రము దంతె లెక్కయు లేదు, వస్తువుల పట్టియు లేదు.

కావున మా మనవి యిది. దసరాకు ఇల్లు దులుపునపుడు మనవారు అటకపై వస్తువులను ఒక్కమారు క్రిందికి దించుదురు గాక. దించిన వెంటనే మరల ఎక్కింపక, ముందుగా వడ్రంగిని పిలిచి కర్రలను చూపుదురు గాక. అక్కరలేనిది విడుతురు గాక. కాని తాతల నాటి అచ్చు, నాడె, కూలి లెక్కల పుస్తకము, ఊరినుండి వచ్చిన ఉత్తరముల కట్ట కనబడినచో పారవేయక, అవి ఎవరివో, ఏ యేట వచ్చినవో పిల్లల చేత వ్రాయించి యుంతురు గాక. మన వలసకు శాసనములు లేవు, తామ్రపత్రములు లేవు. ఉన్నదంతయు ఆ పలకలపైననే యున్నది. పలకలు గట్టివైన నాడు అటకెక్కినది మరువబడదు, భద్రముగా దాచబడును.